కందిగింజంత మృగం

నాకు కోపం ఎక్కువని మా తండాలో అందరూ అంటారు. కోపం కాదది, ఓపిక అయిపోవడం. ఉన్న ఓపికంతా పొద్దున్నే పురుగుల దగ్గర ఖర్చు పెట్టేసి వస్తాను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు.

మణుగూరు దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊళ్ళో నేను బ్రాంచి పోస్టుమాస్టర్ని. ఆఫీసు పదింటికి తెరుస్తాను. అంతకు ముందు మూడు గంటలూ అడవిలో ఉంటాను, ఎక్కువసేపు బోర్లా పడుకుని. ఉత్తరాలు పంచే మనిషి పొద పక్కన బోర్లా పడుకుంటే చూసేవాళ్ళకు ఎన్ని అనుమానాలు రావాలో అన్నీ వచ్చాయి. తాగి పడ్డాడన్నారు కొందరు. లంకెబిందెల కోసం చూస్తున్నాడన్నారు మరికొందరు. ఒకసారి బీటు గార్డు వచ్చి ఏం చేస్తున్నావని గద్దించాడు. చీమ ముఖం చూస్తున్నానని ఉన్నమాట చెప్పాను. ఆయన గొంతు వెంటనే మెత్తబడింది, ఇంటి దగ్గర అంతా బాగేనా అని అడిగి వెళ్ళిపోయాడు.

కెమెరా కల్లూరులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఒకాయన దగ్గర కొన్నాను. ఆయన కొత్తది కొనుక్కుని దీన్ని నాకు అంటగట్టాడు. బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకదు. పురుగుల ఫోటోలకు వేరే లెన్సు దొరుకుతుంది గానీ దాని ధర ఒకసారి విన్నాక మళ్ళీ అడగలేదు. కెమెరాతో వచ్చిన మామూలు లెన్సునే తిరగేసి, ఒక రింగుతో బిగించాను. అలా తిరగేస్తే చిన్నవి పెద్దగా కనిపిస్తాయి. కాకపోతే లెన్సు లోపలి రెక్కలు మూసుకుపోతాయి, అందుకని వాటి మీట సందులో భద్రాచలం బస్సు టికెట్టు మడిచి దోపాను. ఫ్లాష్ వెలుగు మెత్తగా పడాలని పెరుగు డబ్బా అడుగు కోసి ముందు తొడిగాను. ఈ సరంజామాకు ఫోకస్ తనంతట తాను కుదరదు. మనమే ఊపిరి బిగబట్టి, బియ్యపుగింజ మందాన ముందుకీ వెనక్కీ ఊగాలి. వంద తీస్తే ఒకటి నిలుస్తుంది. ఆ ఒక్కటి నిలిచిన రోజున నాతో ఎవరైనా మాట్లాడొచ్చు.

అన్నీ చవకబారువే గానీ ఒక్క విషయంలో నేను చాలా ఖరీదైన మనిషిని. నా ఫోటోలో మోసం ఉండదు. పురుగుల ఫోటోలు తీసేవాళ్ళ గుంపు ఒకటి ఫోన్‌లో ఉంది. అందులో కొందరు పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, అది కొయ్యబారాక తీసి ఆకు మీద నిలబెట్టి ఫోటో కొడతారు. కొందరు గమ్ముతో అంటిస్తారు. ఈమధ్య అసలు పురుగే లేకుండా ఏఐతో పుట్టిస్తున్నారు. అలాంటివి కనబడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ‘ఇది చలికి బిగుసుకున్న పురుగు, దీనికి కాళ్ళు ఆనలేదు’ అని అందరి ముందూ రాసేవాణ్ణి. అలా రాసి ఎంతమందిని దూరం చేసుకున్నానో లెక్క లేదు. బాధా లేదు.

ఆ గుంపులో హైమ మేడం ఉన్నారు. హైదరాబాదులో పురుగుల మీద పరిశోధన చేస్తారు. గోదావరి ఒడ్డు అడవుల్లో ఉండే పురుగుల జాబితా ఒకటి తయారు చేస్తున్నారు. కొత్తది దొరికితే దాని ఫోటో వేసి, కింద తీసినవాళ్ళ పేరూ ఊరూ వేస్తారు. రెండేళ్ళుగా పంపుతున్నాను. ఇది ముందే ఉందండీ, ఇదీ ఉందండీ అని ఎంతో మర్యాదగా తిప్పి పంపేవారు. ఆ జాబితాలో ఒక్క చోట ‘శ్రీధర్, మణుగూరు’ అని చూసుకోవాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. ఊళ్ళోవాళ్ళకు నేను పోస్టు శ్రీధర్‌ని. అడవిలో మూడేళ్ళు మోచేతులు అరగదీసినవాణ్ణని ఒక్క కాగితమైనా చెప్పాలి కదా.

మొన్న ఏప్రిల్ చివర్లో ఆ అవకాశం వచ్చింది. తునికాకు కోతకు వచ్చిందో లేదో చూడ్డానికి మా యాడి జమ్లి నాతో అడవికి వచ్చింది. అమ్మను మేం యాడి అంటాం. ఒక తునికి చిగురు మీద కందిగింజంత పురుగు కనిపించింది. నల్లగా ఉంది. తల మీద దున్నపోతుకున్నట్టు రెండు కొమ్ములు, ఎర్రటి కళ్ళు. గాలికి చిగురు ఊగుతోంది. కదలకుండా పట్టుకొమ్మని యాడికి చెప్పాను. ఆమె గొంతుక్కూర్చుని ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో పెరుగు డబ్బా పట్టుకుంది. నలభై నిమిషాలు. మధ్యలో దాని పేరేందిరా అని ఒక్కసారి అడిగింది. తెలియదు, ఊపిరి పీల్చకు అన్నాను. పాపం నిజంగానే పీల్చలేదు.

ఫోటో నిలిచింది. మామూలుగా నిలవడం కాదు, పురుగు నేరుగా నన్నే చూస్తోంది. కొమ్ముల మీద ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా ఉంది. పట్టపగలు తీసినా ఇంత దగ్గర్నుంచి ఫ్లాష్ వేస్తే వెనకంతా నల్లగా వస్తుంది, అలాగే వచ్చింది. పంపిన గంటలో హైమ మేడం ఫోన్ చేశారు. ఈ ప్రాంతంలో దీన్ని ఎవరూ నమోదు చేయలేదనీ, వచ్చే నెల జాబితాలో వేస్తాననీ అన్నారు. ఆ రోజు నేను అన్నంలో ఏ వంకా పెట్టలేదని యాడి ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

సంతోషం పట్టలేక ఆ ఫోటో నా ఫోన్‌లో స్టేటస్ పెట్టాను. అదే నేను చేసిన తప్పు. మా అక్క సరళ భర్త బాబూరావు ఆటో నడుపుతాడు, తండా వాట్సాప్ గుంపు కూడా ఆయనే నడుపుతాడు. రెండింటికీ బ్రేకులు తక్కువే. ఆయన నా ఫోటో తీసుకుని, కింద ‘మన అడవిల కొమ్ముల మృగం. ఆకుకు పోయేటోళ్ళు పైలం’ అని రాసి వదిలాడు. నాకు పేరు రావాలనే అలా రాశానని తర్వాత ఒట్టేసి చెప్పాడు.

పేరు రాలేదు గానీ మృగం మాత్రం వచ్చింది. తునికి చిగురు ఫోటోలో మద్ది మొద్దంత ఉంది కదా, దాని మీద కాళ్ళు బార్లా చాపి నిలబడ్డది ఎంత ఉండాలి? వెనక చీకటిగా ఉంది కాబట్టి రాత్రుళ్ళు తిరిగే జాతి అని తేల్చారు. వెంట్రుకల్ని బట్టి ఎలుగ్గొడ్డుకూ దున్నకూ పుట్టిందన్నారు. అంతకు రెండు రోజుల ముందు మా తండాలో బిచ్యా ఆవును గోపాలు ఎద్దు పొడిచింది. ఆ సంగతి బిచ్యాకు బాగా తెలుసు. కానీ ఎద్దు పొడిచిందంటే చూడ్డానికి ఎవరొస్తారు? మృగం పొడిచిందనగానే పక్క తండాల నుంచి కూడా వచ్చి ఆవు పొట్ట చూసి వెళ్ళారు.

మర్నాడు ఆకుకు ఒక్క మనిషీ పోలేదు.

తునికాకు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అది బీడీలు చుట్టే ఆకు, ఎండాకాలంలో పదిహేను, ఇరవై రోజుల పని. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టి తీసుకునే కల్లేదారుకు అప్పగిస్తారు. ఆకు ముదిరినా, ఒక్క వాన పడినా ఆ ఏటికి అంతే. మా యాడికీ, తండాలో సగం మంది ఆడవాళ్ళకూ, ఎవర్నీ అడగకుండా తమ చేతిలో ఆడే డబ్బు సంవత్సరం మొత్తానికి అదొక్కటే. మూడు రోజులు కల్లం ఖాళీగా ఎండింది. కల్లేదారు మా తండా పెద్ద తుల్సీరాం తాత దగ్గరికి వచ్చి, ఇంకో రెండు రోజుల్లో కట్టలు రాకపోతే కల్లం ఎత్తేసి అవతలి ఊరికి పోతానని చెప్పి వెళ్ళాడు.

మూడు రోజులూ నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. నాలుగో రోజు పొద్దున ఆ పురుగునే అగ్గిపెట్టెలో పట్టుకొచ్చాను. తుల్సీరాం తాత ఇంటి ముందు అందరూ కూడారు. తాత అగ్గిపెట్టెను కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అందరూ వరసగా చూశారు. కొమ్ములున్నాయని ఒప్పుకున్నారు. ఎర్ర కళ్ళూ ఉన్నాయన్నారు. నేను గెలిచాననుకున్నాను.

“ఇది పిల్ల,” అన్నాడు తాత. “తల్లి ఏడున్నది?”

నాకు ఒళ్ళు మండింది. ఇది పిల్ల కాదు, ఇంతకన్నా పెరగదు, లెన్సు తిరగేస్తే పెద్దగా కనబడుతుందని కెమెరా చూపించి మరీ చెప్పాను. వాళ్ళు బస్సు టికెట్టు దోపిన లెన్సునూ పెరుగు డబ్బానూ చూశారు. అంత పెద్ద ఫోటో దీనితో వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? పైగా పిల్లను తెచ్చాను గనక వాసన పట్టి తల్లి తండాలోకి వస్తుందని ఆడవాళ్ళు భయపడ్డారు. దాన్ని ఎక్కడ తెచ్చానో అక్కడే పెట్టి రమ్మని తాత ఆజ్ఞ. రెండు కిలోమీటర్లు నడిచి, కందిగింజంత పురుగును దాని తల్లికి అప్పగించి వచ్చాను. నాకు తోడు ఒక్కరూ రాలేదు.

తిరిగొచ్చేసరికి యాడి వాకిట్లో కూర్చుని ఉంది.

“పక్కకు వేలు పెట్టి తియ్యరాదురా,” అంది. “వేలును జూస్తే పురుగెంతున్నదో ఎరుకైతది గద.”

మూడేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు తట్టలేదు ఆ మాట. ఇద్దరం మళ్ళీ పోయాం. యాడి వేలు చాపింది, పురుగు పాక్కుంటూ ఎక్కింది. ముప్ఫై తీస్తే ఒకటి బాగా వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని పెద్దది చేసి చూశాను. యాడి వేలి మీద గీతలన్నీ తెగి ఉన్నాయి. చీలికల్లో ఆకు పసరు నల్లగా దిగి ఉంది. కట్టలు కట్టే నారతో ఒరుసుకుని ఒక పక్క చర్మం కాయ కాచింది. చీమ కాలి మీది వెంట్రుకలు లెక్కపెట్టినవాణ్ణి, మా యాడి వేలిని అప్పుడే చూశాను. సిగ్గుపడ్డాను. చాలాసేపు ఆ ఫోటోలో పురుగు వైపు చూడనే లేదు.

ఫోటోను తండా గుంపులో పెట్టాను. రెండు నిమిషాల్లో బిచ్యా తన గొంతు రికార్డు చేసి పంపాడు.

“గిప్పుడు దున్నిన చేన్లకు వచ్చింది. ఆ సాళ్ళు నాయే. వాగు పక్క చెలక, నేనే అడ్డం దున్నిన.”

వేలి గీతల్ని వాళ్ళు నాగలి సాళ్ళనుకున్నారు. అవి వేలి గీతలని నేను రాస్తే, అంత పెద్ద వేలు ఎవరికుంటుందని బాబూరావు బావ అడిగాడు. అప్పటిదాకా ఆకు పనే ఆగింది. ఆ సాయంత్రం నుంచి చేలకు పోవడం కూడా మానేశారు.

అయిదో రోజు పొద్దెక్కాక కల్లేదారు మనుషులు వచ్చి కల్లం దగ్గర పట్టాలు చుట్టడం మొదలుపెట్టారు. యాడి వాకిట్లో నిలబడి అటే చూస్తోంది. ఆమె ఒక్కతే ఆకుకు పోవడానికి సిద్ధంగా ఉంది. మృగం ఎంతుందో ఆమెకు తెలుసు, ఆమె వేలి మీదే నడిచింది కదా. కానీ ఒక్క మనిషి కట్టల కోసం ఎవరూ కల్లం తెరవరు.

“నిజం జెప్తే ఎవ్వలు నమ్ముతలేరు గద బిడ్డా,” అంది నా వైపు తిరక్కుండానే. “అబద్ధం జెప్పి జూడు.”

ఏ అబద్ధం చెప్పాలో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అందుకే కోపమొచ్చింది. అరిచాను కూడా. ఈ ఒక్క ఫోటో కోసం మూడేళ్ళు నేలను పాకానన్నాను. వచ్చే నెల నా పేరు జాబితాలో పడుతుందన్నాను. ఆమె అంతా విని, ‘నీ ఇష్టం’ అనేసి నీళ్ళకు వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ తిట్టి ఊరుకునేవాణ్ణి.

బాబూరావు బావ దగ్గరికి పోయి ఆయన చేతికే ఫోన్ ఇచ్చాను. వీడియో తీసి తండా గుంపులో పెట్టమని చెప్పి ఎదురుగా నిలబడ్డాను.

“ఆ ఫోటో నేను తీసింది కాదు. ఏఐ తోని చేసిన. మన అడవిల గసుంటి జంతువు లేదు. తప్పయింది, మాఫ్ చేయుండ్రి.”

అంతే. ఎన్నో కట్టుకథలు అల్లుకుని వెళ్ళాను. ఎలా చేశావని అడుగుతారు, దేంట్లో చేశావని అడుగుతారు అనుకున్నాను. ఒక్కరూ ఏమీ అడగలేదు. నాలుగు రోజులు ప్రాణం పెట్టి చెప్పిన నిజాన్ని నమ్మనివాళ్ళు, నలభై సెకన్ల అబద్ధాన్ని పదిహేను నిమిషాల్లో నమ్మారు. తనకు మొదట్నుంచీ అనుమానమేనని తాత అన్నాడు. వెంట్రుకలు సరిగ్గా అతకలేదని, చూడగానే తాను కనిపెట్టానని బాబూరావు బావ అన్నాడు. అందరికన్నా ఎక్కువ తిట్టింది బిచ్యా. నా అబద్ధపు ఫోటో వల్లే తన ఆవు దెబ్బను జనం ఎగతాళి చేస్తున్నారట.

మర్నాడు తెల్లారకముందే ఆడవాళ్ళందరూ నవ్వుకుంటూ అడవికి పోయారు. కల్లం మళ్ళీ పరిచారు.

బాబూరావు బావ వీడియోకు కూడా బ్రేకులు వెయ్యలేదు. మూడో రోజుకు అది మా పురుగుల గుంపులోకి చేరింది. ఎవరి పురుగు చలికి బిగుసుకుందని నేను రాశానో, అతను అందరికన్నా ముందు ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. సాయంత్రానికి నన్ను తీసేశారు. వాళ్ళను అనడానికి లేదు. వాళ్ళ స్థానంలో నేనుంటే పొద్దున్నే తీసేసేవాణ్ణి.

హైమ మేడానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు కూడా పంపాను. ఆమె విన్నారు. వేలి గీతల దగ్గర నవ్వారు కూడా.

“మిమ్మల్ని నేను నమ్ముతున్నాను శ్రీధర్ గారూ,” అన్నారు. “కానీ ఆ వీడియో అందరూ చూశారు, మీ నోటితో మీరే చెప్పారు. ఒక్కదాని మీద అనుమానం పడితే జాబితా మొత్తం మీద పడుతుంది. ఇంకెవరైనా అదే పురుగును తీసి పంపితే తప్పకుండా వేస్తాను.”

వాళ్ళ పేరుతోనే కదా మేడం అని అడిగాను. అవునండీ అన్నారు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నాకు ఆమె మీద గౌరవం, ఆ గౌరవం వల్లే ఇంకా ఎక్కువ బాధ. ఫోన్ పెట్టేశాక ఆఫీసులో కూర్చుని ఏడ్చాను. ముద్ర వేయించుకోవడానికి ఎవరో వస్తే కంట్లో నలుసు పడిందన్నాను. వాళ్ళు అది కూడా నమ్మారు.

ఆకు ఈ ఏడు బాగా పడింది. చివరి రోజు సాయంత్రం యాడి కట్టలు మోయడానికి నేనూ కల్లానికి వెళ్ళాను. మా ఇంటి పక్కనుండే పూలి అక్క అక్కడ కట్టలు సర్దుతోంది. ఉన్నట్టుండి నన్ను పిలిచి ముంజేయి చాపింది. కంకణం పక్కన అది కూర్చుని ఉంది. నల్లగా, రెండు కొమ్ములతో, ఎర్ర కళ్ళతో. ఏ కట్టలోంచి ఎక్కిందో మరి.

“చూడు శ్రీధరూ, అచ్చం నువ్వు జేసిన దాని లెక్కనే ఉన్నది,” అంది.

నా చేతిలో కెమెరా లేదు. ఉన్నా లాభం లేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. పక్కన యాడి చేతులు కట్ట మీద ఆగిపోయాయి. నోరు తెరుస్తుందేమోనని భయపడ్డాను. తెరిస్తే వచ్చే ఏడు మళ్ళీ ఎవరూ అడవికి పోరు. ఆమె తెరవలేదు. నన్నే చూస్తోంది.

పూలి అక్క చెయ్యి అటూ ఇటూ తిప్పి దాన్ని బాగా పరీక్షించింది.

“మంచిగనే జేసినవ్ గని, కొమ్ముల మీద గన్ని వెంట్రుకలు పెట్టినవేంది? దీనికి ఒక్కటి గూడ లేదు,” అని ఫూ అని ఊదింది. పురుగు ఎగిరి తునికాకుల మీద ఎక్కడో పడింది.

“అవ్ అక్కా,” అన్నాను. “ఇంకా నేర్చుకుంటున్న.”